స్తంభం మీది మనిషికి కావలి కాసిన ఓబుళేశయ్య గారు

శ్రీ ఓబుళేశయ్య గారు ఇక లేరన్న వార్త నాకు కడప సబ్‌స్టేషన్‌లో, రిలే పరీక్ష సగంలో ఉండగా అందింది. ఫోను చేసినవాడు కర్నూలు కార్యాలయపు గుమాస్తా. "అమ్మా, మన సార్ పాయె" అన్నాడు. ఏ సార్ అని అడగవలసిన అవసరం కలగలేదు. లైనులో దోషం తలెత్తిన క్షణాన దానిని పసిగట్టి విద్యుత్తును ఆపించే సాధనం రిలే. దాని పరీక్షను మధ్యలో వదలరాదు. వదిలితే కాపలాదారు మేలుకుని ఉన్నాడో నిద్రలో ఉన్నాడో తెలియని స్థితిలో లైనును విడిచిపోయినట్లే. ఈ నియమాన్ని నాకు నేర్పినవారు ఆయనే. పరీక్ష ముగించి, ఫలితాలను మరొకసారి సరిచూసి, అప్పుడు గోడకు ఆనుకుని కూలబడ్డాను. ముందురోజే ఆయన నాతో మాట్లాడారు. ముసాయిదాలో ఒక వాక్యం ఇంకా బిగువుగా లేదని కోప్పడ్డారు. ఆ కంఠం హృద్రోగానికి లోబడి అంత హఠాత్తుగా మూగబోతుందని ఊహకైనా రాలేదు.

ఆ తరువాతి వారమే ఆయన రాజధానిలో ఒక సంఘం ఎదుట నిలబడవలసి ఉంది. గాలిమరలను, సౌరఫలకాలను విద్యుద్వ్యవస్థతో అనుసంధానించేటప్పుడు వాటిలోని కంప్యూటర్లకు ఎటువంటి రక్షణ ఉండాలో నిర్దేశించే ప్రమాణాలను ఆ సంఘం రూపొందిస్తోంది. మా జిల్లాల పక్షాన ముసాయిదా రచించినవారు ఓబుళేశయ్య గారు. అందులో అనేక నిబంధనలున్నా, ఆయన ప్రాణమంతా ఒక్కదానిలోనే ఉండేది. "బయటి నుంచి టెలిఫోను తీగ ద్వారా యంత్రాన్ని నడపదలచినవారు ఎవరైనా సరే, ముందుగా సబ్‌స్టేషన్‌లో ఎల్.సి. తీసుకొని తీరవలెను." ఈ ఒక్క వాక్యం నిలుస్తుందా, కొట్టివేతకు గురవుతుందా అన్నదే ఆయన చివరి సంవత్సరాల చింత.

ఈ వ్యాసం చదివేవారిలో మా శాఖ వెలుపలివారు కూడా ఉంటారు కనుక ఎల్.సి. అంటే ఏమిటో చెప్పాలి. పూర్తి పేరు లైన్ క్లియర్. స్తంభమెక్కి పనిచేయవలసిన లైన్‌మన్ సబ్‌స్టేషన్ ఆపరేటరును అడిగి, లైనులో విద్యుత్తు ఆపించి, తన పేరు మీద అనుమతి తీసుకుంటాడు. పని ముగిశాక ఆ అనుమతిని అతడే తిరిగి ఇవ్వాలి. అన్న చెప్పినా, అధికారి చెప్పినా, ఆపరేటరు లైనులోకి విద్యుత్తు వదలకూడదు. ఏ కంఠం తీసుకుందో ఆ కంఠమే తిరిగి ఇవ్వాలి. ఎందరో లైన్‌మన్లు సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరుకుంటున్నది ఈ ఆచారం పుణ్యాన. అయితే ఈ ఆచారం దారి వెంట నడిచివచ్చే మనుషులను మాత్రమే ఎరుగునని, తీగ వెంట వచ్చేవారిని ఎరుగదని మా అందరికంటే ముందు గ్రహించినవారు ఓబుళేశయ్య గారు.

ఆ గ్రహింపు ఒక ఆషాఢమాసపు మధ్యాహ్నం కలిగింది. ఆలూరు దాటాక నల్లరేగడి చేల నడుమ లేచిన గుట్టల మీద ఈ తొంభైల దశాబ్దపు తొలి సంవత్సరాలలో గాలిమరలు వెలిశాయి. ఆయన అప్పుడు కర్నూలులో, రిలేల బాగోగులు చూసే రక్షణ విభాగపు ఇంజినీరు. నేను ఆయన కింద కొత్తగా చేరినదాన్ని. గుట్ట నుంచి సబ్‌స్టేషనుకు వచ్చే లైనులో పగిలిన ఇన్సులేటరు మార్చడానికి మహబూబ్ బాషా అనే లైన్‌మన్ ఎల్.సి. తీసుకుని స్తంభమెక్కాడు. సబ్‌స్టేషన్ వైపు బ్రేకరు తెరిచి విద్యుత్తు ఆపారు. గుట్ట మీద మరలన్నీ ఆపారు. ఆగిన మర ఏం చేస్తుందిలే అని గుట్ట కింది స్విచ్చును మాత్రం తెరవలేదు. ఇది మా సీమవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు కాకపోవచ్చు గానీ, మేము చేయక తప్పని పొరపాటు. మా ఎరుకలో విద్యుత్తు ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చింది. శ్రీశైలం నుంచి సబ్‌స్టేషనుకు, సబ్‌స్టేషను నుంచి ఊరికి. చివరి స్తంభం వైపు నుంచి అది ఎదురు నడిచి వస్తుందని మా లైన్‌మన్ల తండ్రులు కలలోనైనా అనుకోలేదు.

అదే వేళకు ఎక్కడో దూరనగరంలో కూర్చున్న యంత్రసంస్థ ఇంజినీరొకరు టెలిఫోను తీగ గుండా మరలోని కంప్యూటరును చేరుకుని, అది ఎందుకు ఆగిందో పరీక్షించే ఉద్దేశంతో దానిని తిప్పారు. ఆయన దుర్మార్గుడేమీ కాడు. ఆయన తెర మీద ఒక యంత్రం ఆగి ఉంది; స్తంభం మీద ఒక మనిషి ఉన్నాడని ఆ తెర చెప్పదు. మరలో విద్యుత్తును నిలవ ఉంచే కెపాసిటర్ల ఊతంతో, చచ్చిందనుకున్న లైనులోకి క్షణకాలం విద్యుత్తు ఎదురు వచ్చింది. పనిచేసే చోటుకు రెండు వైపులా తీగలను భూమికి కలిపే రాడ్లు తగిలించనిదే ఎవరూ స్తంభమెక్కరాదని ఓబుళేశయ్య గారు శాసించి ఉన్నందువల్ల, ఆ విద్యుత్తు బాషాను చేరకుండా భూమిలోకి పోయింది. ఒక వైపు రాడ్డు చాలునని మిగతా చోట్ల అందరూ అనుకునే రోజులవి. చాదస్తమని మేమంతా గొణుక్కున్న, గుట్ట వైపున్న ఆ రెండో రాడ్డే అతన్ని బతికించింది.

మేము జీపులో చేరుకునేసరికి బాషా కల్లపు గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైందప్పా బాషా?"

"రాడ్డు కాడ బుస్సుమనింది సార్, పాము మాదిరి. దిగినానో దూకినానో నాకే తెల్దు."

"దెబ్బేమన్నా తగిలెనా?"

"లేదు సార్. చెప్పు తెగింది, అంతే."

"చెప్పులు నేను కొనిస్తాలే. నువ్వు లేయొద్దు. నీళ్ళు తాగు ముందు."

అక్కడి నుంచి తిన్నగా సబ్‌స్టేషనుకు వెళ్ళి, మరల కంప్యూటర్లను బయటికి కలిపే బల్ల మీది మోడెంకు తగిలించి ఉన్న టెలిఫోను తీగను తన చేత్తో పెరికివేశారు. కొంతసేపటికే సంస్థ ప్రతినిధి ఫోను చేశాడు. అతనిది గదంతా వినిపించే గొంతు.

"సార్, మా మెషీన్ల లింకు పోయినట్టుంది, కొంచెం చూస్తారా?"

"పోలేదు. నేనే పెరికినా."

"అదేంటి సార్! అక్కడ ఏమీ కాలేదంట కదా?"

"ఏమీ కాలేదని చెప్పాల్సింది నువ్వు కాదప్పా, ఎక్కినోడు చెప్పాల. ఆయప్ప ఇంగా నీళ్ళు తాగుతాండాడు. తాగనీ."

ఆ ఫోను పెట్టివేసి ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. ఆ కాగితం మీదే ముసాయిదా పుట్టిందని నా నమ్మకం.

ఆయన ఆత్మకూరు వైశ్యకుటుంబంలో జన్మించారు. తండ్రిగారికి అక్కడ ఇనుప సామాన్ల అంగడి. నల్లమల అంచు పల్లెల నుంచి వచ్చి బీగం కొనేవారి అరచేతిలో ఆ పెద్దాయన రెండు బీగంచెవులూ పెట్టి, రెండింటితోనూ తెరిపించి, అప్పుడే పంపేవారట. "చూసుకో నాయనా, ఒక చెవి నా కాడ మిగిలిందనుకో, బీగం నీది, ఇల్లు నాది" అనేవారట. ఓబుళేశయ్య గారు ఈ మాటను సభలలో తరచుగా ఉటంకించేవారు. గాలిమరలు అమ్మిన సంస్థ యంత్రాలన్నింటికీ ఒకే సంకేతపదం పెట్టి పంపిందని, అది వారి వివరణ పుస్తకంలోనే అచ్చయి ఉందని తెలిసిన రోజున ఆయన నవ్విన నవ్వు నాకు గుర్తుంది. "మా నాయన బతికింటే ఈ యాపారం చూసి అంగడి మూసుకునేవాడమ్మా" అన్నారు. యంత్రం అమ్మినవారి చేతిలో చెవి మిగలరాదన్నది ముసాయిదాలో తొలి నిబంధన అయింది. అనుసంధానం జరిగిన నాడే ప్రతి యంత్రానికీ వేరు వేరు సంకేతపదం పెట్టాలని ఆదేశించారు.

ఆ ఆదేశం అమలైన తీరు వేరే కథ. ఆలూరు సబ్‌స్టేషనులో ఈరన్న అనే ఆపరేటరు, అతని సహచరులు ఎవరి యంత్రానికి వారు గోప్యంగా పదాలు పెట్టారు. తనిఖీకి వెళ్ళిన ఓబుళేశయ్య గారు కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"ఏం పెట్టినావు ఈరన్నా?"

"ఎవరికీ చెప్పగూడదంటిరి గద సార్!"

"సరే, చెప్పొద్దులే. నేనే కొట్టి చూస్తా."

మొదటి ప్రయత్నానికే యంత్రం తెరుచుకుంది. రెండోదీ అదే మాటకు తెరుచుకుంది. మూడోదీ అంతే. అందరూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, శ్రీశైల మల్లన్న పేరు పెట్టారు. గదిలో నవ్వులు. ఈరన్న చెవులు పట్టుకున్నాడు.

"మీ భక్తి శానా గొప్పదప్పా. కానీ దొంగోడు కూడా శివరాత్రికి కొండకు పోతాడు. మల్లన్న పేరు ఆయప్పకు తెల్దా?"

"మరేం పెట్టాల సార్?"

"మీ ఇంట్లో ఆడోళ్ళకు గూడా తెల్దే మాట ఏదన్నా పెట్టు."

"అట్లాంటిది నా కాడ యాడుండాది సార్!" అని ఈరన్న నిట్టూర్చేసరికి ఓబుళేశయ్య గారికీ నవ్వాగలేదు. ఆయనను అంత మనసారా నవ్వగా నేను చూసిన సందర్భాలు అరుదు. నవ్వు ఆగాక మాత్రం తలుపు వేయించి, పదాలన్నీ తన ఎదుటే మార్పించి, తాను వాటిని చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. అధికారికి సైతం తెలియరాదన్న నియమాన్ని ముందుగా తన మీదే అమలు చేసుకున్న మనిషి.

సౌమ్యుడని ఆయన గురించి రాస్తే అది అసత్యమవుతుంది. అస్పష్టమైన మాటను సహించలేకపోయేవారు. నా నివేదికలో "సాధారణంగా" అన్న మాట కనబడితే కలం ఆపి, "సాధారణంగా అంటే, ఏ రోజుల్లో కాదో చెప్పమ్మా" అనేవారు. "వీలైనంతవరకు" అన్న మాటనైతే ఎవరి ముసాయిదాలో ఉన్నా కొట్టివేసేవారు. "వీలుకానప్పుడు గదా మనిషి సచ్చేది" అన్నది ఆయన వాదం. కొందరు మిత్రులు దూరమయ్యారు. సతీమణి సావిత్రమ్మ గారు ఒకసారి నాతో, "మీ సారుకు పండగపూట గూడా ఆ నిబంధనే పిండివంటమ్మా" అన్నారు. ఆ మాటలో హాస్యమెంతో ఖేదమూ అంతే.

రెండో గుట్ట మీద మరలు సిద్ధమైనప్పుడు పరీక్ష వచ్చింది. అనుసంధానానికి రక్షణ విభాగపు సమ్మతి కావాలి. టెలిఫోను తీగ తమ ఇష్టానుసారం తగిలి ఉండాలని సంస్థ, ఎల్.సి. లేనిదే తగలరాదని ఆయన. నిరంతరం యంత్రాన్ని చూడలేకపోతే చెడిపోయినప్పుడు బాధ్యత వహించలేమన్న సంస్థ వాదనలో న్యాయం లేకపోలేదని ఆయనే నాతో ఒప్పుకున్నారు. చూడడానికి అభ్యంతరం లేదు, చూపు లోపలికి రావచ్చు, చెయ్యి రాకూడదన్నారు. కాని నాటి యంత్రాలలో చూపును, చేతిని వేరు చేసే ఏర్పాటు లేదు. ఇంతలో గాలికాలం గడిచిపోతోంది. పై అధికారి ఒకరు పిలిపించి, "గాలి నీ సంతకం కోసం ఆగదయ్యా, ఓబుళేశయ్యా" అన్నారట. "ఆగదు సార్. అందుకే మనిషి ఆగాల" అని ఈయన జవాబు. సంతకం చేయలేదు. కొద్దిరోజులకే కడపకు బదిలీ అయింది. రావలసిన పదోన్నతి రాలేదు. ఆలూరులో తీగ మళ్ళీ తగిలించారు. నేను అప్పటికే కడపలో ఉన్నాను. ఆయన చేరడానికి వచ్చిన రోజున కిటికీలోంచి కొండల వైపు చూసి, "గాలి ఈడ గూడా ఉండాది గదమ్మా" అన్నారు. అవును, ఉంది. అక్కడా మరలు వచ్చాయి. అక్కడా ఆయన తీగ పెరికారు.

కాలం కొంత ఆయన వైపు తిరిగింది. రెండు జిల్లాల రక్షణ విభాగాన్ని ఒకే కుర్చీ కిందకు తెచ్చినప్పుడు, ఆ పని తెలిసినవారు మరొకరు లేక, ఆయననే కర్నూలుకు పిలిపించారు. ఆలూరు తీగ మరోసారి ఊడింది. ముసాయిదాను సంఘం పరిశీలనకు స్వీకరించింది. గమ్యం కనుచూపు మేరలో ఉన్నప్పుడే ఆయన నడక ఆగిపోయింది.

అంత్యక్రియలు ఆత్మకూరులో జరిగాయి. ఆలూరు నుంచి ఈరన్న వచ్చాడు, కడప నుంచి మేమంతా వెళ్ళాం. ఆయనతో పోట్లాడినవారు కూడా కన్నీళ్ళతో నిలబడ్డారు. అందరికంటే ముందు ఉండవలసిన బాషా మాత్రం కనబడలేదు. అతని కోసం కొంతసేపు ఆపి, ఇక ఆపలేక తీసుకువెళ్ళారు. ఆడవాళ్ళం ఇంటి వద్దే మిగిలాం. పొద్దు వాలుతుండగా అతను వచ్చాడు. ఒంటి మీద పని బట్టలే ఉన్నాయి. వాకిట్లో దీపాన్ని, ఖాళీ చాపను చూసి గడప అవతలే ఆగిపోయాడు.

"పొద్దున్నే తెలిసిందమ్మా. అప్పటికే ఎల్.సి. నా పేరు మీద తీసుకోనుంటి. తెగిన తీగ నడిమధ్యలో ఇడ్సి రాలేను. వేరేవాన్ని పంపి ఎల్.సి. ఇచ్చేయమంటే సార్ ఒప్పుకుంటాడా? ఇచ్చి వచ్చేసరికి మొగం చూసేది లేకపాయె."

 సావిత్రమ్మ గారు లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి అతనికిచ్చారు. "ఇడ్సి ముందే వచ్చింటే తిట్టేవాడు నాయనా. తాగు" అన్నారు. అతను చెంబు పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆయనకు జరిగిన సంతాపసభలలో నేను విన్న ఉపన్యాసాలన్నీ ఈ మాటల ముందు వెలవెలబోయాయి.

సంఘం ఎదుటికి ఆయన బదులు నేను వెళ్ళవలసి వచ్చింది. అధ్యక్షులు సభ్యత గలవారు. ముందుగా ఆయన ఆత్మశాంతికై అందరినీ లేచి నిలబడమన్నారు. తరువాత ఒకే ప్రశ్న అడిగారు. "ఈ నిబంధన లేకపోవడం వల్ల ఎవరైనా మరణించిన ఉదంతం ఉందా?" లేదని చెప్పాను. ఉన్న సత్యం అదే. రెండో రాడ్డు తగిలించినవాడి వాదానికి రుజువు ఉండదు. తగిలించకపోతేనే రుజువు దొరుకుతుంది. ఆ రుజువు సమకూర్చరాదన్నదే ఆయన జీవితాశయం. దీనిని ఆయనైతే ఒక్క వాక్యంలో చెప్పి, ఎదుటివారు తలదించుకునే దాకా మౌనంగా చూసేవారు. నేను బాషా సంగతి ఆద్యంతం చెప్పాను. ఎక్కువ మాటలు వాడాను. సంఘం ఆ నిబంధనను రాష్ట్రమంతటికీ విధించడాన్ని వాయిదా వేసింది. మా రెండు జిల్లాలలో మాత్రం ప్రయోగాత్మకంగా అమలు చేయమంది. ఆపరేటరు, రక్షణ విభాగపు ఇంజినీరు ఇద్దరూ సమ్మతించనిదే తీగ తగలరాదు. "వీలైనంతవరకు" అని చేర్చుదామని ఒకరు సూచించగా, వద్దన్నాను. చేర్చలేదు. ఆయన ఉండి ఉంటే వాయిదాకు కూడా అంగీకరించేవారు కారు. ఆ మిగిలిన సగాన్ని ఎవరు సాధిస్తారో నాకు తెలియదు.

మొన్న సంస్థ ప్రతినిధి నా వద్దకు వచ్చాడు. ఆనాడు ఫోనులో గది దద్దరిల్లేలా మాట్లాడినవాడే. గొంతు బాగా తగ్గింది. "మేడం, ఆపరేటర్లు సరేనంటున్నారు. కానీ సార్ కుర్చీ ఖాళీగా ఉంది, రెండో సమ్మతి ఇచ్చేవారు లేరు. త్వరగా ఎవరినైనా వేయించండి" అన్నాడు. వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, "సార్ ఉంటే మాకు ఒప్పుకునేవారు కాదు, తెలుసు. కానీ అడిగిన వెంటనే కాదని అయినా చెప్పేవారు" అన్నాడు.

ఆ కుర్చీలోకి ఎవరో ఒకరు వస్తారు. సమర్థులే వస్తారు. నిబంధనలు చదువుతారు, సంతకాలు చేస్తారు. కాని తెర మీద ఆగి ఉన్న యంత్రాన్ని చూసినప్పుడల్లా, దానికి అవతల ఏ స్తంభం మీదనో ఒక మనిషి ఉండి ఉంటాడని ముందుగా తలచుకునే ఆ మనసును నియామక ఉత్తర్వులతో తెప్పించలేము. నాకు విద్య నేర్పి, మాటకు కొలత నేర్పి, భయపడవలసిన చోట భయపడడం నేర్పిన గురువుగారికి తల వంచి నమస్కరిస్తున్నాను. ఈ లోటు పూడేది కాదు.

ఆలూరులో టెలిఫోను తీగ ప్రస్తుతం ఊడి ఉంది. గుట్ట మీద మరలు తమ మానాన తాము తిరుగుతున్నాయి. ఆ లైనులో బాషా స్తంభాలెక్కుతున్నాడు, దిగుతున్నాడు.